టెర్సియోపెలో కాటు: మన సీరం పనికొస్తుందా? విషం విరిగాక కూడా కండ ఎందుకు చచ్చిపోతుంది?

మడుగుకప్ప:
కప్పల మీద ఫీల్డ్ వర్క్ కోసం కోస్టారికాలోని లా సెల్వా అనే అడవి పరిశోధన కేంద్రానికి వెళ్తున్నాను. పనంతా రాత్రిపూట, వాగుల పక్కనే. అక్కడ టెర్సియోపెలో అనే విషపాము, అంటే బోథ్రాప్స్ ఆస్పర్, బాగా ఉంటుంది. మన దేశంలో పాముకాటుకు ఇచ్చే పాలీవేలెంట్ (పలు పాముల విషాలకు కలిపి చేసిన) సీరం, అంటే యాంటీవెనమ్, సీసాలు కొన్ని వెంట ఉంచుకుంటే లాభమా? ఇంకో సందేహం. యాంటీవెనమ్ ఎక్కించి, రక్తం మళ్లీ గడ్డకట్టడం మొదలయ్యాక కూడా కొందరికి కండ చచ్చిపోయి వేళ్లు తీసేయాల్సి వస్తోందట. ఎందుకలా?

వార్డుడ్యూటీ:
తీసుకెళ్లకండి. మన సీరం నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర విషాలకు తయారైనది. కంటికీ ముక్కురంధ్రానికీ మధ్య గుంట ఉండే పిట్ వైపర్లు అందులో ఒక్కటీ లేవు. పశ్చిమ కనుమల్లోని హంప్‌నోస్డ్ పిట్ వైపర్ కాటుకే అది పనిచేయదు, ఇక అమెరికా పాము మాట చెప్పాలా?

అక్కడ వాడేది కోస్టారికా విశ్వవిద్యాలయానికి చెందిన క్లోడోమిరో పికాడో సంస్థ తయారుచేసే పాలీవేలెంట్. టెర్సియోపెలో, అక్కడి గిలకపాము, బుష్‌మాస్టర్ విషాలను గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కించి, ప్లాస్మాలో కాప్రిలిక్ ఆమ్లం కలిపి అక్కర్లేని ప్రోటీన్లను అడుక్కి దింపేస్తారు. పైన మిగిలిన యాంటీబాడీలే మందు. పగడపు పాముకు ఇది పనికిరాదు, దానికి వేరే సీరం.

ఆ సీసా సంపాదించినా సంచిలో పెట్టుకుని లాభం లేదండీ. సెలైన్లో కలిపి నరంలోకే ఎక్కించాలి. ఎలర్జీతో బీపీ పడిపోతే పెద్దవాళ్లకు అడ్రినలిన్ 0.5 మిల్లీగ్రాములు తొడ కండరంలో వెంటనే ఇవ్వాలి, ఊపిరి అందకపోతే గొట్టం వేయగలిగినవాళ్లు పక్కనుండాలి. ఆ ఖర్చేదో వాహనం మీదా, రేడియో మీదా పెట్టండి. అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911.

కొందరు టెర్సియోపెలోనే ఫెర్-డి-లాన్స్ అంటారు, అక్కడ జాగ్రత్త. మార్టినిక్ దీవిలో ఆ పేరున్నది బోథ్రాప్స్ లాన్సియోలేటస్. అది కాటేస్తే రక్తనాళాల్లో గడ్డలు కట్టి పక్షవాతం కూడా రావచ్చు. దానికి ప్రత్యేక సీరం ఉంది.

ప్రోటీన్‌గది:
రెండో ప్రశ్న అసలైనది. ఈ విషంలో మెటల్లోప్రోటియేజులు, అంటే ప్రోటీన్లను కోసే ఎంజైములు, కేశనాళికల గోడను పట్టి ఉంచే నాలుగో రకం కొల్లాజెన్‌ను కోసేస్తాయి. నిమిషాల్లోనే నాళాలు చిట్లి రక్తం కండలోకి కారుతుంది. ఇంకోవైపు ఫాస్ఫోలైపేజ్ అనే ఎంజైముల కుటుంబపు మయోటాక్సిన్లు, అంటే కండను చంపే విషాలు. వీటిలో ఒక రకానికి ప్రోటీన్ గొలుసులో 49వ స్థానంలో ఆస్పార్టేట్ అనే అమైనో ఆమ్లం బదులు లైసిన్ ఉంటుంది. కాల్షియం పట్టుకోలేదు కాబట్టి ఎంజైముగా పనిచేయదు. అయినా దాని సి-చివర (గొలుసు ముగిసే కొస) ఉన్న భాగమే కండకణం పొరను చీల్చేస్తుంది. ఇదంతా మీరు ఆస్పత్రి గడప తొక్కకముందే జరిగిపోతుంది. పైగా సీరం ఆ చోటికి చేరాల్సింది అదే చిట్లిన నాళాల గుండా.

రక్తం సంగతి వేరు. విషం రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లైన ప్రోత్రాంబిన్‌నీ పదో కారకాన్నీ రెచ్చగొట్టి గడ్డ కట్టడానికి కావాల్సిన ఫైబ్రినోజెన్ అంతా ఖర్చు చేయిస్తుంది. యాంటీవెనమ్ ఆ విషాన్ని రక్తంలోనే పట్టేస్తుంది, కాలేయం కొత్త ఫైబ్రినోజెన్ చేసిపెడుతుంది. కోలుకోవడం తేలిక. చచ్చిన కండను మాత్రం ఏ సీరమూ బతికించలేదు. కొత్తగా చచ్చేదాన్ని ఆపుతుంది, అంతే. అందుకే తాడు బిగించడం ఘోరం: విషాన్నంతా ఒకేచోట నిలబెట్టి, పైగా రక్తప్రసరణ ఆపేస్తుంది. కోయడం, పీల్చడం, ఐసు పెట్టడం కూడా వద్దు. ఉంగరాలు, గడియారం తీసేసి, చెయ్యో కాలో కదలకుండా ఉంచి బయల్దేరాలి. వాపు అంచున పెన్నుతో గీత గీసి టైము రాయండి, డాక్టరుకు అది చాలా పనికొస్తుంది.

మడుగుకప్ప:
చాలా స్పష్టంగా చెప్పారు. ల్యాబ్ లేని చిన్న క్లినిక్కులో రక్తం చెడిందో లేదో ఎలా చూస్తారు?

వార్డుడ్యూటీ:
మన దగ్గర రక్తపింజరకు చేసే 20 నిమిషాల పరీక్షే. కొత్త, పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల సిరల రక్తం పోసి కదపకుండా ఉంచాలి. 20 నిమిషాలకు ఒక్కసారి వంచి చూడాలి. నీళ్లలా జారితే గడ్డకట్టడం లేదన్నట్టే. తప్పులు ఎక్కువగా గొట్టం దగ్గరే జరుగుతాయి. ప్లాస్టిక్కుదైనా, డిటర్జెంటుతో కడిగి మళ్లీ వాడిందైనా మామూలు మనిషి రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. మధ్యలో ఊపి చూసినా ఫలితం చెడుతుంది. సీరం ఇచ్చిన 6 గంటలకు మళ్లీ చేస్తారు. రక్తం సరికాకముందే వాపు చూసి భయపడి కత్తి పెడితే ఆ కోత దగ్గరే రక్తం ఆగదు. కండలో ఒత్తిడి కొలవకుండా ఫాషియాటమీకి (ఒత్తిడి తగ్గించడానికి కండ మీది పొరను కోయడం) ఒప్పుకోకండి.

బురదబూట్లు:
చికిత్స సరే, కాటు పడకుండా చూసుకోండి. మోకాలిదాకా వచ్చే రబ్బరు బూట్లు తప్పనిసరి. అడుగు వేసే చోట హెడ్‌ల్యాంపు వెలుగు పడాలి. కప్ప కూత వినబడగానే ఆకుల్లో చెయ్యి పెట్టేయడమే మీ పనిలో పెద్ద ప్రమాదం. ముందు కర్రతో ఆకులు కదిపి చూడండి. పిల్ల పాములు పొదల మీద కూడా ఎక్కి ఉంటాయి కాబట్టి చేతి ఎత్తులోని కొమ్మల మీదా ఒక చూపు వేయండి. చిన్నదే కదా అనుకోవద్దు. పిల్లల విషం కండను తక్కువ తిన్నా, రక్తాన్ని పెద్దవాటికన్నా ఎక్కువ చెడగొడుతుంది. చచ్చిన పాము తల కూడా కొంతసేపు కరవగలదు, ఫోటో కోసం ముట్టుకోకండి. రాత్రి ఒంటరిగా వెళ్లొద్దు, ఇద్దరిలో ఒకరికి బండి నడపడం వచ్చి ఉండాలి.