విదేశీ రౌటర్లను నిషేధించాలా? మన ఊళ్లో ఆ బాక్సుల సంగతేంటి?

పలాస జీడిపప్పు:
అమెరికా 2022 నవంబరులో దేశ భద్రత పేరుతో చైనా కంపెనీలు హువావే, జెడ్‌టీఈల కొత్త పరికరాలకు అనుమతులు ఆపేయాలని నిర్ణయించింది. 2024 చివర్లో చైనాలో పుట్టిన టీపీ-లింక్ ఇంటి రౌటర్ల మీదా నిషేధం ఆలోచిస్తున్నారని వార్తలొచ్చాయి. మన దేశంలో 2021 జూన్ 15 నుంచి టెలికం కంపెనీలు ప్రభుత్వం నమ్మదగినవని గుర్తించిన సంస్థల సామానే నెట్‌వర్క్‌లో కొత్తగా పెట్టాలి. కానీ శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో నేను కొనే వైఫై రౌటర్‌కి ఆ కట్టుబాటు లేదు. ఇంటి సామానుకీ పెట్టాలంటాను. మీరేమంటారు?

గంటస్తంభం:
పెట్టండి, కానీ దేశం పేరు చూసి కాదు. వోల్ట్ టైఫూన్ కేసు గుర్తుందా? చైనా హ్యాకర్లు అమెరికాలో వందల చిన్న రౌటర్లలో దూరి, వాటి చాటున విద్యుత్తు, నీటి వ్యవస్థల మీద కన్నేశారు. 2024 జనవరిలో అక్కడి న్యాయశాఖ బయటపెట్టింది. ఆ రౌటర్లలో అత్యధికం సిస్కో, నెట్‌గేర్‌వి. రెండూ అమెరికా కంపెనీలే! పాతబడ్డాయని అప్‌డేట్లు ఆపేశారు, అంతే. జనం మాత్రం వాడుతూనే ఉన్నారు.

బొబ్బిలి వీణ:
మాస్టారూ, అది సగం మాటే. పాత బాక్సులో కన్నం ఉండటం వేరు, రేపు అప్‌డేట్ పేరుతో కన్నం పెట్టగలగడం వేరు. అప్‌డేట్లు పంపే తాళం చెవి మామూలుగా తయారీదారు దగ్గరే ఉంటుంది. చైనాలో 2017 ఇంటెలిజెన్స్ చట్టం ప్రకారం ఏ సంస్థయినా ప్రభుత్వ నిఘాకి సహకరించాలి. కుదరదనే వీలు అక్కడి రౌటర్ కంపెనీకి ఉందా? గల్వాన్ తర్వాత టిక్‌టాక్‌ని ఒక్క రాత్రిలో తీసేశాం. రౌటర్ అలా కాదు, గోడకి మేకు కొట్టి పెడతాం, ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది.

చీపురుపల్లి కేబుల్:
నేను కనెక్షన్లు ఇస్తుంటాను, అందుకే చెబుతున్నా. కస్టమర్ కనెక్షన్ తీసేస్తే బాక్సు వెనక్కి తెస్తాం. రీసెట్ కొట్టి, తుడిచి, ఇంకో ఇంట్లో పెడతాం. అది ఏ సంవత్సరం సరుకో, చివరి అప్‌డేట్ ఎప్పుడొచ్చిందో ఎవరూ అడగరు. లాగిన్ పేరు అడ్మిన్, పాస్‌వర్డూ అడ్మినే. మారుస్తే మర్చిపోతారు, ఎర్ర లైటు వెలిగిన రోజు మళ్లీ మాకే టెన్షన్. వైఫైకి మాత్రం ఇంటాయన ఫోన్ నంబరు పెట్టమంటారు, వీధిలో అందరికీ తెలిసిన నంబరు! ఇప్పుడు చెప్పండన్నా, బాక్సు ఏ దేశానిదైతే ఏటి?

గంటస్తంభం:
తమ్ముడు చెప్పిందే నా బాధ. 2016లో రౌటర్లు, కెమెరాల్లో దూరిన మిరాయ్ అనే వైరస్ లాంటి ప్రోగ్రాం వ్యాపించింది ఇలాంటి పాస్‌వర్డ్‌లతోనే. బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి అందరికీ ఒకటే పాస్‌వర్డ్‌తో అమ్మడాన్ని నిషేధించింది. ఎన్నాళ్లు అప్‌డేట్లు ఇస్తారో అమ్మేటప్పుడే చెప్పాలి. చైనావైనా, చెన్నైవైనా రూలు ఒకటే. మనకి కావాల్సింది ఇది.

బొబ్బిలి వీణ:
మంచిదే, కాదనను. కానీ అప్‌డేట్ల తేదీ రాసిన కాగితం ఆ కంపెనీ ఎవరి చెప్పుచేతల్లో ఉందో చెప్పదు కదా. సీసీ కెమెరాలకు 2025 ఏప్రిల్ నుంచి మన దగ్గర భద్రతా పరీక్ష తప్పనిసరి చేశారు, దేశం ఏదైనా సరే. రౌటర్లకీ అంత గట్టిగా చేసి, అందులో నెగ్గనివాళ్లని ఆపితే నాకు సమ్మతమే. అయినా కలెక్టరాఫీసులోకి, కరెంటు సబ్‌స్టేషన్‌లోకి మాత్రం చైనా సామాను వద్దు. అక్కడ పరీక్ష నెగ్గినా వద్దు.

పలాస జీడిపప్పు:
ఆఫీసుల వరకూ నిషేధం, ఇళ్లకి పరీక్ష. దీనికి నేనూ ఒప్పుకుంటాను. మరి ఇప్పటికే గోడలకున్నవి?

చీపురుపల్లి కేబుల్:
అదే అడుగుతున్నా. బాక్సు ఆపరేటర్‌ది, కరెంటు ఇంటాయనది. మార్చే డబ్బులు ఎవరివో ముందు రాయండి, నిచ్చెన నేను తెస్తాను.