నీళ్ళు ఎక్కువున్న రూమ్ స్ప్రేకి టిన్ డబ్బానా, అల్యూమినియం డబ్బానా?

పీణ్య_కాపురం
అందరికీ నమస్కారం. బెంగళూరు పీణ్యలో మాది చిన్న యూనిట్. ఇన్నాళ్ళూ ఫ్లోర్ క్లీనరు, హ్యాండ్‌వాషు చేశాం. ఇప్పుడు నిమ్మగడ్డి వాసనతో రూమ్ స్ప్రే వేద్దామనుకుంటున్నాం. మూడింట రెండొంతులు నీళ్ళు, మిగతాది సరుకును బయటికి తోసే ఎల్‌పీజీ, కాస్త సెంటు, ఇవన్నీ విడిపోకుండా కలిపి ఉంచే ఎమల్సిఫయర్. ఫిల్లింగ్ బయట జాబ్ వర్క్‌కి ఇస్తాం. డబ్బా, వాల్వు, బటన్, మూత మాత్రం మేమే కొనివ్వాలి. మా పార్ట్‌నర్ అల్యూమినియం తప్ప మరోటి వద్దంటున్నాడు: అతుకు లేదు, తుప్పు పట్టదు, షెల్ఫులో మెరుస్తుంది అని. రేటు చూశాక నేను టిన్ అంటున్నా. మీరేమంటారు?

గుంతకల్లు_జంక్షన్
టిన్నేనప్పా, ఇంక మాట లేదు. కొనేటోడు వాసన చూసి కొంటాడా, డబ్బా చూసి కొంటాడా? బొద్దింకల మందు, పెయింట్ స్ప్రే, అన్నీ యాడ చూసినా టిన్నే గదా. రేకు చదునుగా ఉన్నప్పుడే ప్రింటింగ్ అయిపోతాది, కావాల్సిన ఎత్తుకు కోయించుకోవచ్చు. పార్ట్‌నర్‌కు మెరుపు కావాలంటే మూతకు బంగారు రంగు వేయించు.

గోదారి_గట్టు
మీరు చెప్పినవి చాలావరకు సాల్వెంటు సరుకులండీ, అంటే నీళ్ళ బదులు వేరే ద్రావకం ఉన్నవి. నీళ్ళ సరుకు సంగతి వేరు. ఎల్‌పీజీ నీళ్ళకంటే తేలిక కాబట్టి, డబ్బా కదపకుండా ఉంచితే గ్యాస్ పైకి తేలి నీళ్ళు అడుక్కి దిగుతాయి. టిన్ డబ్బా అంటే తగరం పూసిన ఉక్కు రేకే కదండీ. పక్కన వెల్డింగ్ గీత, అడుగు బిగించిన మడత, ఈ రెండు చోట్లా రేకు తెగిన అంచులుంటాయి. లోపలి రక్షణ పూత, అదే లాకర్, ఎంత జాగ్రత్తగా పూసినా పల్చబడేది అక్కడే, తుప్పు మొదలయ్యేదీ అక్కడేనండి. అల్యూమినియం డబ్బా ఒకే బిళ్ళను గుద్ది సాగదీసింది, అతుకన్నదే ఉండదు.

క్యూసీ_చిత్తూరు
డబ్బా మీద ఇంత కొట్లాట జరుగుతోంది గానీ, లోపల పోసేదాని పీహెచ్ ఎంత, అంటే ఆమ్లమా క్షారమా అని ఒక్కరూ అడగలేదు.

టిన్‌లో నీళ్ళ సరుకు పోసేవాళ్ళు పీహెచ్‌ను 8, 9 దాకా తెస్తారు. సోడియం బెంజోయేట్, సోడియం నైట్రైట్ లాంటివి కలుపుతారు, తుప్పు ఆపడానికి. ఉక్కుకు క్షారం మంచిదే. అదే సరుకు అల్యూమినియంలో పోస్తే? క్షారం అల్యూమినియాన్ని తినేస్తుంది. లోపలి లాకర్‌లో సూదిమొనంత రంధ్రం ఉంటే చాలు, అక్కడ లోహం కరిగి హైడ్రోజన్ పుడుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, చివరికి చిల్లు పడుతుంది. గోదారి గట్టు గారూ, అల్యూమినియానికి ఎర్ర తుప్పు రాదు, అంతవరకే. దానికి పీహెచ్ 7కి అటూ ఇటూగా ఉంటేనే హాయి. అంటే ఫార్ములా తేలకుండా డబ్బా తేలదు. ఒకదాని కోసం చేసిన సరుకును అలాగే తీసుకెళ్ళి రెండోదాంట్లో పోసే వీలు లేదు.

ఇక నీళ్ళు. బోరువైనా కావేరివైనా నేరుగా పోయకండి. క్లోరైడ్ ఉంటే రెండు డబ్బాలకీ ముప్పే, లవణాలు తీసేసిన డీఅయొనైజ్డ్ నీళ్ళే వాడాలి. మీరు హ్యాండ్‌వాష్ చేస్తారు కాబట్టి చెబుతున్నా: చిక్కదనానికి ఉప్పు వేసే అలవాటు చేతికి ఉంటుంది, ఉప్పంటే క్లోరైడే. ఆ చేతిని ఈ ట్యాంకు దగ్గరికి రానివ్వకండి.

వరంగల్_వాల్వు
గిదంత లొల్లి ఎందుకన్నా, బ్యాగ్ ఆన్ వాల్వ్ పెట్టుండ్రి. సరుకు సంచిల ఉంటది, డబ్బాకు తగలనే తగలదు. చుట్టూ నైట్రోజనో ఉత్త గాలో. ఎల్‌పీజీ లేదు, మంటల భయం లేదు. 2011ల ఫాగ్ బాడీ స్ప్రే వచ్చి గ్యాస్ లేదు అన్న ఒక్క మాట మీద ఎంత అమ్మిందో చూసినం గద.

క్యూసీ_చిత్తూరు
తమ్ముడూ, అది పంపు స్ప్రే, అందులో సంచీ లేదు. ఒంటికి కొట్టుకునేదానికి చుక్క కాస్త లావుగా పడినా నష్టం లేదు. రూమ్ స్ప్రేలో అసలు పని చేసేది గ్యాసే. బాగా కుదిపి నొక్కితే ద్రవంతో పాటు వచ్చిన ఎల్‌పీజీ బయటపడగానే మరిగి, చుక్కను చీల్చేస్తుంది. వాసన గాల్లో నిలబడేది అందుకే. సంచి వాల్వులో ఆ మరగడం ఉండదు. సెంటు గాల్లో ఆగకుండా టీపాయ్ మీద పడుతుంది.

ఒత్తిడి సంగతీ చూడు. డబ్బాలో నూటికి 40 వంతుల జాగాలో గాలిని, వాతావరణంతో కలిపి 8 బార్లకు నింపావనుకో. సరుకు అయ్యేసరికి ఆ గాలే దాదాపు డబ్బా అంతా పరుచుకుని 3 బార్ల చిల్లరకి దిగుతుంది. ఎల్‌పీజీ అయితే లోపల ద్రవంగా ఉన్నంతకాలం ఆవిరి పుడుతూనే ఉంటుంది. ముక్కులో కొట్టే సెలైన్‌కి, షేవింగ్ జెల్‌కి సంచి వాల్వు భేషైనది. ఇక్కడ కాదు.

వరంగల్_వాల్వు
సన్నగ రావాలంటే మెకానికల్ బ్రేకప్ బటన్లు ఉన్నయి గద అక్కా, గ్యాస్ లేకున్నా బటనే తిప్పి చుక్కను చీలుస్తది. ఎల్‌పీజీ సరుకుకు గోదాం ఇన్సూరెన్సు, రవాణా, గవన్ని కూడ లెక్కల వెయ్యాలె. డబ్బా రేటు ఒక్కటే చూస్తే కాదు.

అంబత్తూరు_ఆవకాయ
బెంగళూరు చల్లదనం చూసి లెక్కలు వేయకండి, మీ సరుకు చెన్నైకీ వస్తుంది. మే నెలలో మా రేకుల గోదాముల్లోకి ఒకసారి వచ్చి నిలబడి చూడండి. 21 డిగ్రీల దగ్గర నార్మల్ బ్యూటేన్ ఒత్తిడి వాతావరణం కలపకుండా సుమారు 17 పీఎస్ఐ (ఒక బారుకు 14.5 పీఎస్ఐ), ఐసోబ్యూటేన్‌ది 31, ప్రొపేన్‌ది వంద పైమాటే. ఫిల్లర్ ఉత్తినే "ఎల్‌పీజీ" అంటే ఒప్పుకోకుండా ఏ పాళ్ళో కాగితం మీద రాయించుకోండి. 50 డిగ్రీల దగ్గర ఎంత ఒత్తిడి వస్తుందో కొలవండి. యూరప్ లెక్కలో డబ్బా దానికి ఒకటిన్నర రెట్లు తట్టుకోవాలి, అంటే 12 బార్ల డబ్బాలో 8 దాటకూడదు.

టిన్ వాళ్ళకి ఇంకో మాట. సముద్రపు గాలికి తుప్పు బయటినుంచి కూడా వస్తుంది. బాత్రూమ్ గట్టు మీద డబ్బా పెడితే టైలు మీద గోధుమరంగు చక్రం మిగులుతుంది. మా ఆవిడ ఆ బ్రాండు మళ్ళీ ఇంటికి తేనివ్వలేదు.

గుంతకల్లు_జంక్షన్
టైలు మీద చక్రం పడిందని బ్రాండు మార్చేటోళ్ళు ఎంతమంది ఉంటారులే అన్నా.

పీణ్య_కాపురం
వాల్వు గురించి కూడా చెప్పండి. లీకు ఆపే రింగు, బూనా రబ్బరు గ్యాస్కెట్, అన్నిటికీ సరిపోతుంది అంటున్నాడు సప్లయర్.

క్యూసీ_చిత్తూరు
అన్నిటికీ సరిపోయే గ్యాస్కెట్ లేదండీ. సెంటులోని నూనెలకు రబ్బరు ఉబ్బితే బటన్ కింది సన్న గొట్టం, అదే స్టెమ్, పట్టేస్తుంది, నొక్కి వదిలాక కూడా కారుతుంది. రబ్బరు గట్టిపడిపోతే గ్యాస్ జారిపోతుంది. బూనాతో పాటు నియోప్రీన్, బ్యూటైల్ శాంపిళ్ళు కూడా తెప్పించండి. అడుగు నుంచి సరుకును వాల్వుకు తెచ్చే డిప్ ట్యూబ్ పాలిథీన్‌దే కదా, అదీ గ్యాస్ పీల్చుకుని పొడుగు సాగుతుంది. కొత్తలో సరిగ్గా సరిపోయేలా కోయిస్తే తర్వాత అడుక్కి తన్నుకుని వంగిపోతుంది. మీ పార్ట్‌నర్‌కి ఇంకోటి చెప్పండి: అల్యూమినియం డబ్బా కొని, వాల్వు కప్పు టిన్‌ది పెడితే రెండు లోహాలూ ఒకే తడిలో ఉన్నట్టు, లోహం తినేయడం ఇంకా త్వరపడుతుంది. డబ్బా మారినా గ్యాస్కెట్ మారినా వాల్వును డబ్బాకు నొక్కి బిగించే క్రింపింగ్ కొలతలు మళ్ళీ సరిచూడాలి. మామూలుగా వ్యాసం 27 మిల్లీమీటర్లు, లోతు 5 దగ్గర ఉంటుంది.

పూర్తి సరుకు నింపి, సగం డబ్బాలు నిలబెట్టి, సగం తలకిందులుగా ఉంచండి. కొన్ని గదిలో, కొన్ని 40 డిగ్రీల ఓవెన్‌లో. నెలనెలా తూకం వేయండి, మూడో నెల కోసి లోపల చూడండి.

పీణ్య_కాపురం
మూడు నెలలంటే దీపావళి సీజన్ పోయినట్టే. సరే. పీహెచ్ ఇవాళ కొలిపించా, 8.8 వచ్చింది. అంటే ప్రస్తుతానికి టిన్ వైపే. పార్ట్‌నర్ ఒప్పుకోవడం లేదు, పీహెచ్ తగ్గించి ఇంకో బ్యాచ్ చేసి అల్యూమినియంలో కూడా పెడదామంటున్నాడు. పెట్టమన్నా. ఆ ఖర్చు ఆయన వాటాలో రాశాను.