రాత్రి షిఫ్టుకు ఇద్దరు మనుషులను అడిగే మెయిల్లో ‘కైండ్లీ’ ఉండాలా?

మూలాపేట వాసి:
నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో షిఫ్టు సూపర్‌వైజరుగా చేస్తున్నాను. గ్రేడింగుకు ఇంకో ఇద్దరు కావాలని చెన్నైలోని హెడ్డాఫీసుకు ఇంగ్లీషులో మెయిల్ పెట్టి ఇరవై రోజులైంది. ఉలుకూ పలుకూ లేదు. రాసింది మూడే ముక్కలు: పని ఒత్తిడి చాలా ఉంది, ‘కైండ్లీ’ అదనపు మ్యాన్‌పవర్ ఇప్పించండి, ‘నీడ్‌ఫుల్’ చేయండి. తప్పెక్కడుంది?

గెలాక్సీ నలుపు:
మొదటి అక్షరం నుంచీ ఉంది తమ్ముడూ. అది మెయిల్ కాదు, తహసీల్దారుకు పెట్టుకున్న అర్జీ. ‘చాలా’ అంటే ఎంత? చీమకుర్తిలో గ్రానైటు క్వారీ ఆఫీసులో పదకొండేళ్లుగా ఇవే రాస్తున్నాను. మొదటి వాక్యంలోనే ఎందరు కావాలో, ఏ తేదీ నుంచో, ఎన్నాళ్లకో చెప్పాలి. తరువాత, ఇవ్వకపోతే కంపెనీకి పోయేదెంత, ఇస్తే అయ్యే ఖర్చెంత. ఇద్దరు కుదరకపోతే సీజను అయ్యేదాకా ఒకరినైనా పంపమని చివర ఒక దారి వదలాలి. ‘నీడ్‌ఫుల్’ అంటే ఏం చేయాలో నువ్వే కనుక్కో అని పైవాడి నెత్తిన పెట్టడం. ‘కైండ్లీ’ ముందు తీసెయ్.

పొగాకు బేలు:
ఒంగోలులో పొగాకు కంపెనీ గుమాస్తాగా ముప్పై నాలుగేళ్లు చేసి దిగినవాణ్ణి. ‘కైండ్లీ’ తీసేస్తే మిగిలేది ఆజ్ఞ. కిందివాడు పైవాడికి ఆజ్ఞ ఇస్తాడా? ‘నీడ్‌ఫుల్’ దొరల కాలం మాట. దొరలు మానుకున్నారని మనమూ మానుకోవాలా?

గెలాక్సీ నలుపు:
మర్యాద వద్దనలేదు మాస్టారూ. ‘కుడ్ యూ అప్రూవ్’ అని అడిగితే అదీ మర్యాదే. పైగా అవుననో కాదనో చెప్పక తప్పదు. ‘కైండ్లీ’కి ఎవరైనా ఏం జవాబిస్తారు?

ఉదయగిరి చెక్కగరిటె:
ఫోను చేయరాదా?

మూలాపేట వాసి:
చేశాను. మెయిల్ పెట్టమన్నారు.

పొగాకు బేలు:
లెక్కలు రాయమంటున్నారు కదా, నా సంగతి వినండి. ఒక సీజన్లో ముగ్గురు అదనంగా కావాలని రోజువారీ బేళ్ల లెక్కతో సహా టైపు చేయించి పంపాను. పై ఆఫీసు ఆ కాగితమే ముందు పెట్టుకుని, సీజను కాని నెలల్లో మీ దగ్గర ఇద్దరు ఖాళీగా ఉంటున్నారని తేల్చింది. ముగ్గురు రాలేదు, ఉన్నవాళ్లలో ఇద్దరు పోయారు. అందులో ఒకడు మా బావమరిది. ఈనాటికీ పండగకు మా గడప తొక్కడు. నేను ‘కైండ్లీ’ అని ఊరుకుని ఉంటే వాడి ఉద్యోగం ఉండేది.

గెలాక్సీ నలుపు:
మీ బావమరిది ఉద్యోగం పోయిందని జిల్లా అంతా అర్జీలు రాసుకోవాలా?

పొగాకు బేలు:
నోరు అదుపులో పెట్టుకోండి. రాళ్ల లెక్క వేరు, మనుషుల లెక్క వేరు.

కావలి రైలుగేటు:
అన్నా, పెద్దాయన.

గెలాక్సీ నలుపు:
సరే, నాది తొందరపాటే. మూలాపేట తమ్ముడూ, అసలు నీ దగ్గర లెక్క ఉందా లేదా?

మూలాపేట వాసి:
ఉంది. రాత్రి పదకొండుకు రెండు లారీల సరుకు దిగుతుంది. టేబులు దగ్గర నలుగురు ఆడవాళ్లు. కిలోకు ముప్పై తూగేవి ఒక క్రేటులోకి, నలభై తూగేవి ఇంకో క్రేటులోకి వేస్తుంటారు. మూడింటికల్లా అడుగు క్రేట్లలో ఐసు కరిగిపోతుంది. మళ్లీ ఐసు వేయడానికి ఒకరు లేస్తే టేబులు దగ్గర ముగ్గురే. ఆలస్యమైతే రొయ్య తల దగ్గర నల్లబడుతుంది, ఆ సరుకుకు ధర పడిపోతుంది. మొన్న నేనే కూర్చున్నాను. గంటకల్లా వేళ్లు మొద్దుబారి ముప్పై కౌంటో నలభై కౌంటో తెలియలేదు.

గెలాక్సీ నలుపు:
ఇదంతా మెయిల్లో ఎందుకు లేదయ్యా?

మూలాపేట వాసి:
రాయలేను అన్నా. ఆరింటికి అయిపోవలసిన షిఫ్టు తొమ్మిది దాకా సాగుతోంది. రిజిస్టరులో మాత్రం రోజూ ఆరే. సంతకం నాది. ఇప్పుడు తొమ్మిదని మెయిల్ పెడితే ఇన్నాళ్లూ ఏం రాశావని అడుగుతారు.

పొగాకు బేలు:
ఆ మూడు గంటల కూలి ఎవరిస్తున్నారు?

మూలాపేట వాసి:
ఎవరూ ఇవ్వడం లేదు సార్. ఉదయం టీ, టిఫిను నేను తెప్పిస్తున్నాను.

పొగాకు బేలు:
వారానికి 48 గంటలు దాటితే రెట్టింపు కూలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉన్నదే. టిఫిను కాదు. జరిగిన గంటలన్నీ తేదీలతో రాసి పంపండి.

గెలాక్సీ నలుపు:
మాస్టారూ, ఇందాకటి దాకా లెక్కలే వద్దన్నారు! పాతవి తవ్వితే ముందు పోయేది ఈ కుర్రాడి ఉద్యోగమే. రేపటి నుంచి నిజం రాయనీయండి. వారం తరువాత ఆ వారం లెక్కతో ఇద్దరిని అడుగుతాడు.

పొగాకు బేలు:
మరి ఆ నలుగురి పాత డబ్బు?

గెలాక్సీ నలుపు:
మనుషులు వచ్చాక చూద్దాం.

పొగాకు బేలు:
మనుషులు వచ్చాక ఎవరూ చూడరు. నాకు తెలుసు, చూడనివాళ్లలో నేనూ ఒకణ్ణి.

మూలాపేట వాసి:
ఈ ఉదయం రిజిస్టరులో 9.10 అని రాసి సంతకం పెట్టాను. పాత పేజీలు ఇంకా ముట్టుకోలేదు. మెయిల్ రాత్రికి రాస్తాను.

పొగాకు బేలు:
రాయండి. ‘కైండ్లీ’ మాత్రం ఉంచండి.