అప్‌డేట్: అమ్మకి స్టెంట్ వేయించాం, మొన్ననే తీశారు

పొరపాటున యాసిడ్ తాగిన మా అమ్మకి అన్నవాహిక ఇరుకైపోయిందని, బెలూన్‌తో ఎన్నిసార్లు వెడల్పు చేసినా రెండు వారాలకే మళ్లీ మూసుకుపోతోందని, దారి మూసుకోకుండా లోపల పెట్టే జాలీ గొట్టం, అదే స్టెంట్, వేయించాలా వద్దా అని అడిగాను కదా. వేయించాం. నల్గొండ నుంచి హైదరాబాద్ తీసుకెళ్లాం.

రెండు వారాలకోసారి చొప్పున ఐదుసార్లు సాగదీసినా 14 మిల్లీమీటర్లకు రాకపోతే దాన్ని మొండి ఇరుకు అంటారట, అమ్మకి అప్పటికే ఏడుసార్లు అయింది. క్యాన్సర్ కాదు కాబట్టి స్టెంట్ లోపలే వదిలేయరు, అందుకే మొత్తం కవర్ ఉన్న మెటల్ స్టెంట్ వేశారు, కవర్ లేకపోతే జాలీలోకి కండ పెరిగి తీయడం కష్టమవుతుంది.

అయితే కవర్ ఉన్నవి జారే అవకాశం ఎక్కువ. మాకూ అదే జరిగింది. మొదటి మూడు రోజులు ఛాతీ నొప్పి, అది మందులకు తగ్గింది అనుకుంటే పదో రోజు రాత్రి గుటక నీళ్లు కూడా దిగలేదు, చెంబు పట్టుకుని మంచం మీదే కూర్చుంది, నాకైతే కాళ్లూ చేతులూ ఆడలేదు. ఎక్స్‌రేలో కిందికి జారినట్టు కనిపించింది, ఎండోస్కోపీతో పైకి లాగి క్లిప్ పెట్టారు. స్టెంట్ వేయించుకున్నవాళ్లకి మింగడం సడన్‌గా ఆగితే తెల్లారేదాకా చూడకండి, వెంటనే వెళ్లండి.

ఎనిమిది వారాలకు తీశారు. మళ్లీ ఇరుకవ్వొచ్చు, అప్పుడు ఇంకోసారి బెలూన్ వేయాల్సి రావొచ్చని ముందే చెప్పారు. నిన్న మాత్రం జొన్న గటకలో పచ్చిపులుసు పోసుకుని, ఆగి ఆగి, గిన్నె మొత్తం తినేసింది.