కతోలిక ఉన్నత పాఠశాలలో మత విద్య: అన్ని మతాల పిల్లలకూ ఒకే తరగతి సరైనదేనా?

మత విద్య ఉపాధ్యాయిని:
మా పాఠశాలలో కతోలిక పిల్లలు మత విద్య తరగతిలో ఉండే సమయానికి మిగిలినవారిని గ్రంథాలయానికి పంపుతున్నారు. ఇకపై అందరినీ కలిపి కూర్చోబెట్టి, క్రైస్తవ విశ్వాసాన్నే ప్రధానంగా బోధిస్తూ, ప్రార్థన, ఉపవాసం, మరణం వంటి పాఠాలు వచ్చినప్పుడు ఇతర మతాల పిల్లలు తమ ఇంటి ఆచారాన్ని చెప్పే వీలు కల్పించాలని ప్రతిపాదించాను. జ్ఞానస్నానం, దివ్యసత్ప్రసాదం వంటి దివ్యసంస్కారాలకు కతోలిక పిల్లలను సిద్ధపరిచే సత్యోపదేశం (విశ్వాస బోధ) ఎప్పటిలాగే విచారణలో, అంటే స్థానిక చర్చిలో జరుగుతుంది. దీనిపై మీ అభిప్రాయాలు కోరుతున్నాను.

విచారణ పెద్ద:
అమ్మా, మీ ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. కాని వాటికన్ విద్యా విభాగం 2009 మే 5న బిషప్పుల సమాఖ్యల అధ్యక్షులకు రాసిన లేఖను గుర్తు చేయక తప్పదు. మతాలన్నింటినీ పక్కపక్కన పెట్టి, ఎటూ మొగ్గకుండా పోల్చి చెప్పడంతో సరిపెడితే గందరగోళమో ఉదాసీనతో పుడుతుందని అందులో హెచ్చరించారు.

మత విద్య ఉపాధ్యాయిని:
అదే లేఖలో మత విద్యకూ సత్యోపదేశానికీ తేడా చూపారు కదండీ. బడిలో చెప్పే మత విద్య క్రైస్తవం గురించిన జ్ఞానాన్ని ఇస్తుందే తప్ప, విద్యార్థి విశ్వసించి తీరాలని కోరదు. నేను అడుగుతున్నదీ అంతే.

పూర్వ విద్యార్థిని:
నేను క్రైస్తవురాలిని కాను. ఇలాంటి బడిలోనే చదివాను. గంట కొట్టగానే మేము కొందరం లేచి గ్రంథాలయానికి వెళ్ళి, పాత పత్రికలు తిరగేస్తూ కూర్చునేవాళ్ళం. పదో తరగతిలో నా పక్కన కూర్చునే అమ్మాయికి తల్లి పోయింది. మత విద్య తరగతిలో అందరూ ఆమె చుట్టూ చేరి మాట్లాడారని, ప్రార్థించారని నాకు సాయంత్రం తెలిసింది. ఆ గదిలో నాకు చోటెందుకు లేకపోయిందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

విచారణ పెద్ద:
అది ఆ పాఠశాల పాలనలోని లోపం. గ్రంథాలయంలో ఒక ఉపాధ్యాయుణ్ణి నియమించి నీతి పాఠాలు చెప్పిస్తే తీరిపోతుంది. పైగా తల్లిదండ్రుల మత విశ్వాసానికి సరిపడని పాఠాలకు పిల్లలను బలవంతంగా హాజరుపరచడం వారి హక్కుకు భంగమని 1965లో కతోలిక బిషప్పుల ప్రపంచ సభ అయిన రెండవ వాటికన్ మహాసభే ప్రకటించింది.

ఒక తండ్రి:
ఈ పాఠానికి మార్కులు కలుపుతారా, లేదా?

పూర్వ విద్యార్థిని:
పెద్దాయనగారు గ్రంథాలయం దగ్గరే ఆగిపోయారు. నన్ను బయటికి పంపడానికి నా హక్కునే కారణంగా చూపడం న్యాయంగా లేదు. మమ్మల్ని బలవంతపెట్టమని ఎవరూ అడగలేదు, రావడానికి తలుపు తెరవమన్నాం.

విచారణ పెద్ద:
మీకు తలుపు తెరిస్తే మా ఇంట్లో ఏం జరిగిందో కూడా వినండి. మా అబ్బాయి తొమ్మిదో తరగతిలో ఇలాంటి చర్చా తరగతిలోనే కూర్చున్నాడు. దేవుడు మంచివాడైతే పసిపిల్లలకు రోగాలెందుకని రాస్తే, ఉపాధ్యాయుడు మెచ్చుకుని మంచి మార్కులు వేశారు, జవాబు మాత్రం చెప్పలేదు. వాడు చర్చిలో ఆదివారం పూజకు రావడం మానేశాడు. ఆదివారం ఉదయం వాడి గది తలుపు తట్టే ధైర్యం నాకు ఇప్పుడు లేదు. కతోలిక బడి కూడా విశ్వాసాన్ని నిలబెట్టకపోతే మేము ఎక్కడికి వెళ్ళాలి?

మత విద్య ఉపాధ్యాయిని:
మీ బాధ నాకు అర్థమైంది. అయితే ఇంతసేపూ మనం వాదించుకున్నది ఇతర మతాల పిల్లల గురించి కాదన్నమాట. మీ అబ్బాయి అడిగినది, తప్పు చేయకుండానే కష్టాలు పడిన యోబు అడిగిన ప్రశ్నే, అది బైబిల్లోనే ఉంది. ఆ ప్రశ్నను అడగనివ్వకూడదన్న మాటను నేను ఒప్పుకోలేను. అడిగినవాణ్ణి జవాబు లేకుండా వదిలేయడం మాత్రం తప్పే.

విచారణ పెద్ద:
అడగడానికి ఒక వయసు ఉంటుంది. పద్నాలుగేళ్ళవాడి ముందు ముందుగా విశ్వాసాన్ని ఉంచాలి, సందేహాన్ని కాదు. ఇక్కడ మీకూ నాకూ పొత్తు కుదరదు.

మత విద్య ఉపాధ్యాయిని:
మార్కుల గురించి అడిగినవారికి: కతోలిక సంఘం ఏమి బోధిస్తుందో సరిగా వివరించినందుకు మార్కులుంటాయి. విద్యార్థి దాన్ని నమ్ముతున్నాడా లేదా అన్నది ప్రశ్నపత్రంలో ఉండదు.

ఒక తండ్రి:
అలాగైతే మా అమ్మాయిని పంపుతాను. వద్దనుకున్న కుటుంబానికి మినహాయింపు ఉంటుందన్న మాట మాత్రం ప్రవేశ పత్రంలో రాసి ఇవ్వండి.