ఆఫీసు పార్కింగ్ మీద పడిన వాన కూడా ‘ఇండస్ట్రియల్ స్టార్మ్ వాటర్’ కిందకి వస్తుందా?

ప్రశ్న (యార్డు_సూపర్): టెక్సస్‌లో స్ట్రక్చరల్ స్టీల్ షాపు, ఎస్ఐసీ కోడ్ (అమెరికాలో పరిశ్రమ రకాన్ని చెప్పే నంబరు) 3441. ముందు ఆఫీసు, పార్కింగ్. వెనక బీములు పేర్చే యార్డు, తుక్కు బిన్నులు, డీజిల్ ట్యాంకు. పార్కింగ్ నీళ్లు వాలు వెంట వెనక్కి పారి, యార్డు మధ్య ఇనుప జాలీ ఉన్న ఇన్‌లెట్‌లో పడతాయి. అక్కణ్నుంచి సిటీ స్టార్మ్ డ్రెయిన్. ఇందులో మన స్టార్మ్ వాటర్ పర్మిట్ (షాపు మీద పడిన వాననీళ్లు బయటికి వదలడానికి అనుమతి) కిందకి ఏ నీళ్లు వస్తాయి? సిటీ పైపులో కలిశాక సిటీదే బాధ్యత కాదా? తూర్పు అంచున పైపే లేదు, నీళ్లు నేల మీద పరుచుకుని పక్క వాగులోకి పోతాయి. దాన్నీ డిశ్చార్జ్ (బయటికి వదిలిన నీరు) అనాలా?

కాలువగట్టు: చట్టం చూసేది నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయని మాత్రమే కాదండి, దేన్ని తాకి ఏ దారిన పోయాయని. అమెరికా కేంద్ర నిబంధన 40 సీఎఫ్ఆర్ 122.26 ప్రకారం స్టార్మ్ వాటర్ అంటే వాన పారుదల, మంచు కరిగిన నీరు, నేల మీద పారి పోయే నీరు. ‘పరిశ్రమకు చెందిన డిశ్చార్జ్’ అనాలంటే ఆ నీళ్లను సేకరించి మోసే ఏదో ఒక మార్గం ఉండాలి. అది తయారీ, ప్రాసెసింగ్, ముడిసరుకు నిల్వ స్థలాలకు నేరుగా సంబంధించినదై ఉండాలి. సరుకు లారీలు తిరిగే లోపలి రోడ్లూ ఇందులోకే వస్తాయి.

ఆఫీసుకీ దాని పార్కింగ్‌కీ మినహాయింపు ఉంది, కానీ ఆ నీళ్లు యార్డు నీళ్లతో కలవకూడదు. మీ జాలీ దగ్గర రెండూ కలుస్తున్నాయి కాబట్టి ఆ అవుట్‌ఫాల్ (నీళ్లు సైట్ దాటి బయటికి పోయే చోటు) నుంచి పోయేదంతా మీ లెక్కే. పార్కింగ్ చివర తారు కర్బ్ పోసి ఆ నీళ్లను రోడ్డు వైపు మళ్లించగలిగితే ఆ భాగం విడిపోతుంది. కర్బ్ పోసే ముందు సిటీ అనుమతి చూసుకోండి.

సిటీ డ్రెయిన్ సంగతి: అది విడి స్టార్మ్ సీవరైతే సిటీకి దాని పర్మిట్ దానిదే, మీకు మీది ఉండాల్సిందే. మురుగూ వాననీరూ ఒకే పైపులో శుద్ధి ప్లాంటుకు పోయే చోట మాత్రమే ఈ పర్మిట్ అక్కర్లేదు. ఇన్‌లెట్ ఎటు పోతుందో పాత డ్రాయింగ్ చూసి తేల్చకండి. రంగు నీళ్లు పోసి కింది మ్యాన్‌హోల్ దగ్గర చూస్తే తేలిపోతుంది.

వాగు_లెక్క: తూర్పు అంచు గురించి. పైపు లేనంత మాత్రాన తప్పించుకోలేరు. పర్మిట్ కావాల్సింది పాయింట్ సోర్స్‌కి, అంటే ఫలానా చోటు నుంచి వదులుతున్నారని చూపించగలిగే మార్గానికి. దాని నిర్వచనంలో పైపుతో పాటు గుంట, కాలువ కూడా ఉన్నాయి. 1980లో సియెర్రా క్లబ్, యాబ్‌స్టన్ కన్‌స్ట్రక్షన్ కేసులో ఫిఫ్త్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఈ గీత గీసింది. టెక్సస్ ఆ కోర్టు పరిధిలోనే ఉంది. నేలను మార్చకుండా, నీటిని మళ్లించకుండా నేల సహజంగా కోసుకుపోతే పాయింట్ సోర్స్ కాదు. చదును చేసో, కుప్పలు పోసో పారుదలకు దారి చేస్తే, నీళ్లు వాటంతట అవే పల్లానికి పారినా అవుతుంది.

అందుకని గట్టి వాన పడుతుండగా ఆ అంచు వెంట నడవండి. ఫోర్క్‌లిఫ్ట్ చక్రాల గాడి పడి, దాని చివర తుప్పు రంగు మట్టి విసనకర్రలా పరుచుకుని ఉంటే అదే మీ రెండో అవుట్‌ఫాల్. మ్యాపులో గుర్తు పెట్టి స్విప్ ప్లాన్‌లో (వాననీటి కాలుష్యం ఆపడానికి మీరు రాసుకునే ప్లాన్) చేర్చండి. ఇన్‌స్పెక్టర్ కంటికి ముందు పడేది ఆ మట్టే.

యార్డు_సూపర్: చాలా స్పష్టంగా చెప్పారు. నో ఎక్స్‌పోజర్ సర్టిఫికెట్‌తో (సరుకూ పనులూ వానకు తగలవని ఇచ్చే ధ్రువీకరణ) పర్మిట్ నుంచి బయటపడొచ్చా? ట్యాంకు చుట్టూ ఉన్న డైక్‌లో (కారితే ఆపే అడ్డుగోడ) నిలిచిన వాననీళ్ల మాటేమిటి?

జాలీమూత: బీములు బయట ఉన్నంత కాలం సర్టిఫికెట్ కుదరదండి. అది మొత్తం సైట్‌కి ఇచ్చేది, ఒక్కో అవుట్‌ఫాల్‌కి విడిగా ఇవ్వరు. అయిదేళ్లకోసారి మళ్లీ వేయాలి. మూత సరిగా ఉండి కారని డంప్‌స్టర్ బయట ఉన్నా పర్వాలేదు. అడుగు తుప్పు పట్టి కారే తుక్కు బిన్ను అయితే ఒక్కటి చాలు, అర్హత పోవడానికి.

డైక్ వాల్వ్ ఎప్పుడూ మూసే ఉంచాలి. వదిలే ముందు నీటి మీద నూనె పొర ఉందేమో చూసి, తారీఖు వేసి రాసుకోండి. నూనె మెరుపు కనిపిస్తే అది వాన వల్ల వచ్చిన నీరైనా వదలకూడదు. బిన్నులు సబ్బుతో కడిగిన నీళ్లు, కంప్రెసర్ నుంచి నూనెతో దిగే నీళ్లు అసలు స్టార్మ్ వాటరే కాదు. అవి జాలీలో పడితే పర్మిట్ లేని డిశ్చార్జ్ కిందకి వస్తాయి.

ఇక పర్మిట్ ప్రకారం మూడు నెలలకోసారి పట్టి కంటితో చూడాల్సిన శాంపిల్: నీళ్లు పారడం మొదలైన మొదటి 30 నిమిషాల్లో, అంతకుముందు వాన పడి కనీసం 72 గంటలు గడిచాక, శుభ్రమైన పారదర్శక సీసాలో పట్టండి. రంగు, వాసన, తేట, నురగ, నూనె మెరుపు, తేలేవి, అడుగున పేరుకున్నవి రాయండి. జాలీ మూతకు అంటిన బురద గోకి పట్టకండి, ఫలితం చెడిపోతుంది.