అప్‌డేట్: ఆఫీసుకు మౌంటెన్ బైకా, రోడ్ బైకా?

మియాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడలోని ఆఫీసుకు సైకిల్‌పై వెళ్లడానికి మౌంటెన్ బైక్ మంచిదా, రోడ్ బైక్ మంచిదా అని ఇదివరకు అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. మిత్రుల సైకిళ్లు తీసుకుని రెండింటినీ అదే దారిలో నడిపి చూసిన తరువాత ఆ రెండింటికీ మధ్యస్థంగా ఉండే హైబ్రిడ్ సైకిల్ కొన్నాను.

రోడ్ బైక్ వేగం నిజంగా ఆనందాన్నిచ్చింది. అయితే వానకు తారు లేచిపోయిన చోట 25 మిల్లీమీటర్ల టైరు గుంత అంచుకు బలంగా తగలడంతో, ట్యూబు రిమ్ముకు, ఆ అంచుకు మధ్య నలిగి, పాము కాటులా పక్కపక్కనే రెండు రంధ్రాలు పడ్డాయి. మౌంటెన్ బైక్ గుంతలను లెక్కచేయలేదు గానీ, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు లేచి తొక్కితే ముందు సస్పెన్షన్ ప్రతిసారీ కుంగి, కాళ్ల బలాన్ని కొంత మింగేస్తుంది.

నేను కొన్నదానికి 38 మిల్లీమీటర్ల నున్నటి టైర్లు, సస్పెన్షన్ లేని ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టి ఉంచే భాగం), డిస్క్ బ్రేకులు ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, క్యారియర్, పూర్తి మడ్‌గార్డులు బిగించే రంధ్రాలున్నాయి. లాప్‌టాప్ సంచి వీపు మీద నుంచి దిగడం ఎంత సుఖమో మాటల్లో చెప్పలేను.

ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023లో ప్రారంభమైన సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్‌పైనే ఎక్కువగా తొక్కేవారికి రోడ్ బైకే తగినది. ఇప్పటికే మౌంటెన్ బైక్ ఉన్నవారు మాత్రం కొత్తది కొనే ముందు గుబ్బల టైర్లు తీసి నున్నటివి వేయించి చూడండి.